రాణి ఎవరికి చేపుతుంది

మా వదిన శివపార్వతికి అసూయ ఎక్కువ. ఈ మాట వెనకాల అనడం లేదు, ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను. "ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా, అను" అని మూతి తిప్పుకుంటుంది.

బళ్ళు తెరిచేలోగా నాలుగు రోజులు అమ్మ దగ్గరుందామని గుణదల నుంచి పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళాను. కంకిపాడు దాటి లోపలికి వెళ్తే మా ఊరు. ఉన్న రెండెకరాలూ అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడే. రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టాయి. కాలవకు నీళ్ళొచ్చేసరికి నారుమడి సిద్ధంగా ఉండాలని అన్నయ్య తిరుపతిరావు, తమ్ముడు చక్రి పొద్దస్తమానం పొలంలోనే ఉంటున్నారు. ఇంట్లో తోడికోడళ్ళ మధ్య మాత్రం ఎండ ఇంకా కాస్తూనే ఉంది.

దానికి కారణం రాణి. రాణి అంటే మా గేదె. వదిన పుట్టింటివాళ్ళిచ్చిన దూడను తోలుకొచ్చి, తన చేత్తో కుడితి పెట్టి పెంచుకుంది. ఎన్ని ఈతలు ఈనినా పాలు పితికింది ఆవిడే. మొన్న శివరాత్రి వెళ్ళాక కాలవ రేవులో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ పని చక్రి భార్య వినీల మీద పడింది. పటమటలో అపార్టుమెంటులో పెరిగిన పిల్ల, పేడ చూస్తే ముక్కు మూసుకునేది. అలాంటిది చూస్తూ ఉండగానే నేర్చేసుకుంది. ఎండలకు తన దూడ చచ్చిపోయాక రాణి వినీల చెయ్యి తగిలితే తప్ప చేపడం, అదే, పొదుగులోకి పాలు దించడం మానేసింది. కట్టు విప్పించుకుని, చేతికి నొప్పి ఆయింట్‌మెంటు రాసుకుని వదిన పొదుగు దగ్గర కూర్చుంటే చెంబు తన్నేసింది.

అప్పటి నుంచి వినీల ఏం చేసినా వదినకు కంట్లో నలుసే. ఆవకాయ మూడో రోజు తిరగకలపమని అమ్మ వినీలకు చెప్పిందని ఆ పూట అన్నం తినలేదట.

"గేదె పోయింది, జాడీ పోయింది. ఇంక ఈ ఇంట్లో నాదంటూ ఏముందో నువ్వే చెప్పమ్మాయ్" అంది నాతో.

"అన్నయ్య ఉన్నాడుగా."

"ఆయన్నెవరు పట్టుకెళ్తార్లే, నువ్వూరుకో."

నేను వెళ్ళిన మర్నాడే వినీల వాళ్ళమ్మకు కంటి ఆపరేషనని పటమట బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ "అక్కా, రాణి జాగ్రత్త" అంది. వదిన మొహం మాడిపోయింది.

"నా గేదెను నాకు అప్పజెప్పి పోతోంది చూశావా!"

ఆ సాయంత్రం వదిన గొడ్ల చావిట్లోకి వెళ్ళి రాణికి బెల్లం పెట్టింది, తవుడు కలిపింది, మెడ నిమిరింది. రాణి బెల్లం తింది, తవుడు తింది, పాలు మాత్రం చుక్క వదల్లేదు. మర్నాడు పొద్దునా అంతే. పొదుగు గట్టిపడిపోయి అరవడం మొదలుపెట్టింది. ఇలాగే ఉంటే పొదుగువాపు వస్తుందన్నాడు పశువుల డాక్టరు.

మోకాళ్ళ నొప్పులతో చావిట్లోకి వెళ్ళడం ఎప్పుడో మానేసిన మా అమ్మ బుల్లెమ్మ అరుగు మీంచి కేకేసింది. "పంతానికి పోకే పార్వతీ. వినీల పాలు పితికేటప్పుడు కట్టుకునే చీర ఆ మేకుకే ఉంటది. చుట్టుకుని కూర్చో. వాసనకి చేపుద్ది."

"దాని చీర కట్టుకుని నా గేదె ముందుకెళ్ళాలా? చచ్చినా కట్టను అత్తయ్యా!"

రాణి మళ్ళీ అరిచింది. వదిన ఇంక ఉండలేక లేచింది. తమాషా చూద్దామని నేనూ వెనకే వెళ్ళాను. మేకు మీంచి చీర లాగి విప్పి, అలాగే నిలబడిపోయింది. వంకాయరంగు వాయిలు చీర, అంచు దగ్గర చిరుగు, దానికి పచ్చదారంతో కుట్టు. ఆ కుట్టు వదినదే. దండెం మీంచి ఎవరో ఎత్తుకెళ్ళారని పక్కింటివాళ్ళతో మాటలు మానేసింది ఈ చీర కోసమే.

"అత్తయ్యా! ఇది నా చీర!"

"నీదేనే. నువ్వు ఆసుపత్రిలో ఉంటే గేదె వినీలని దగ్గరకి రానిస్తేగా? నేనే తీసిచ్చా. నీకు చెప్తే కట్టుతోనే లేచొస్తావని చెప్పలా."

వదిన మొహం వెలిగిపోయింది. "విన్నావా అమ్మాయ్! అది ఇన్నాళ్ళూ చేపింది నా చీరకి. నాకే!"

నైటీ మీదే చీర చుట్టుకుని కూర్చుంది. రాణి అంచు వాసన చూసి, ఒక్కసారి బుసకొట్టి చేపేసింది. వదిన ఏడుస్తూ నవ్వుతూ చెంబు నింపింది.

ఇంక పట్టపగ్గాల్లేవు. వినీల వచ్చే రోజుకి ఆ చీర మడతపెట్టి బీరువాలో దాచి తాళం వేసింది. "ఇప్పుడెలా పితుకుతుందో చూస్తా" అంది. వినీలకు ఒక మాట చెప్పాల్సిందే. కానీ తమాషా పోతుందని నేనూ నోరు మూసుకున్నాను.

వినీల సాయంత్రం బస్సు దిగి కాళ్ళు కడుక్కుని, కట్టుకొచ్చిన పంజాబీ డ్రెస్సుతోనే చావిట్లోకి వెళ్ళి "రాణమ్మా" అంది. గేదె చేపేసింది.

వదిన గుమ్మంలో కొయ్యబారిపోయింది. "చీర అక్కర్లేదా నీకు?"

"ఏ చీర? ఓ, నీ పాతదా అక్కా! అది మొదట్లో కొన్నాళ్ళే కట్టా. తర్వాత నేనే అలవాటైపోయా. అప్పట్నించీ మేకుకే ఉంది."

వదిన అక్కడే గడ్డి మీద కూలబడింది. "అయితే మొన్న నాకు చేపింది..."

"నీ వాసనకే. నీ చేతికి ఇప్పుడెప్పుడూ ఆ నొప్పి ఆయింట్‌మెంటు వాసనేగా అక్కా. పాపం, నువ్వెక్కడికి పోయావో దానికి తెలీలేదు. నాకు తెల్లారి లేవాలంటే చావుగా ఉంది. పొద్దుటిపూట నువ్వు పితకవా?"

వదిన చెంగుతో ముక్కు తుడుచుకుని సరేనంది. అలాగని మారిపోయిందనుకునేరు. మర్నాడు సాయంత్రం వినీల పితుకుతుంటే వెళ్ళి, తనకన్నా ఎక్కువ ఇస్తోందేమోనని చెంబులోకి తొంగి చూసింది.

నేను బయల్దేరే రోజు తెల్లవారుజామున చిన్న జల్లు పడింది. చావిట్లో వదిన పాలు పితుకుతోంది. ఒంటి మీద ఆ చీర లేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాచి ఉంది. పిండినప్పుడల్లా పళ్ళు బిగపట్టుకుంటోంది.

"ఆయింట్‌మెంటు రాయడం లేదా వదినా? అంత నొప్పెలా ఓర్చుకుంటున్నావు?"

"నొప్పి ఓర్చుకోవచ్చమ్మాయ్" అంది రాణి పొట్టకు తల ఆనించి. "ఇది మళ్ళీ నన్ను మర్చిపోతే ఓర్చుకోలేను."