‘కింద పడ్డాడు’ అని రాసి ఉన్న ఫారం

1989. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఒక ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో రేడియోగ్రాఫర్‌గా చేరి ఏడాది కావస్తోంది. రేడియోగ్రాఫర్ అంటే డాక్టరు కాదు. డాక్టరు పంపిన మనిషిని సరిగ్గా పడుకోబెట్టి, ఎక్స్‌రే తీసి, నోరు మూసుకుని ఫిల్మ్ పైకి పంపేవాడు. మొదటి రెండు పనులూ నాకు బాగానే వచ్చు. తెనాలిలో మా అమ్మ నన్ను పాస్టరుని చేద్దామనుకుంది. ప్రసంగం మధ్యలో నవ్వుతానని తెలిశాక ఎముకలకి అప్పగించింది.

ఒక ఉదయం ఓ పోలీసు వచ్చాడు. అతని చేతికీ ఇంకొకతని చేతికీ కలిపి బేడీ. ఆ రెండో మనిషి రేమండ్, ఇక్కడి ఆదివాసీ, నలభై ఏళ్ళుంటాయి. ఎడమ ముంజేయి వాచిపోయి ఉంది. ఎక్స్‌రే ఎందుకు కావాలో డాక్టరు రాసి పంపే కాగితాన్ని రిక్వెస్ట్ ఫారం అంటాం. దాని మీద ఒకటే ముక్క: ‘సెల్‌లో కింద పడ్డాడు.’

“ఎలా పడ్డావు?” అని రేమండ్‌ని అడిగాను.

“వాడు పడే రకమేలే,” అన్నాడు పోలీసు. “పైగా నా మీద చెయ్యి చేసుకున్నాడు. కేసు పెట్టాం.”

ఆసుపత్రిలో పోలీసుని బయటికి పొమ్మనడానికి పెద్ద డాక్టర్లే జంకుతారు. నాకు ఆ ఇబ్బంది లేదు. ఎక్స్‌రే మీట నొక్కేటప్పుడు రోగి తప్ప గదిలో ఎవరూ ఉండకూడదని రూలు. “ఈ కిరణాలు పిల్లలు పుట్టే విషయంలో అంత మంచివి కావు సర్,” అన్నాను. వాక్యం పూర్తయ్యేలోపు బేడీ ఊడింది, మనిషి వరండాలో ఉన్నాడు. లెడ్ ఏప్రన్, అంటే సీసం పొదిగిన అంగీ, వేసుకుంటే లోపలే ఉండొచ్చు. అది తలుపు వెనకే వేలాడుతోంది. దాని సంగతి నేనెత్తలేదు.

“పడ్డావా?” అని మళ్ళీ అడిగాను.

“అవును.”

“ఎవరైనా కొట్టారా?”

“అవును.”

“విమానంలోంచి దూకావా?”

“అవును.”

అవునంటే తొందరగా వదిలేస్తారని నేర్చుకున్న మనిషి. నా తెల్లకోటు కూడా అతనికి యూనిఫారమే. నా వెటకారానికి నాకే సిగ్గేసి, “ఓ లార్డ్,” అని గొణుక్కున్నాను.

“చర్చి మనిషివా?” అన్నాడు, మొదటిసారి నా వైపు చూస్తూ.

“అవును.”

“నేనూ. చర్చి వాళ్ళు నడిపే మిషన్‌లో పెరిగాను.”

ఇక ప్రశ్నలు మానేశాను. “దెబ్బ తగిలినప్పుడు చెయ్యి ఎక్కడుందో చూపించు చాలు,” అన్నాను. వాచిన చేతిని మెల్లగా లేపి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. “టార్చ్‌తో. మొదటిది తలకి. తర్వాతవన్నీ దీనికి.”

ఫిల్మ్ ఇంకా తడిగా ఉండగానే చూశాను. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముకని అల్నా అంటారు. అదొక్కటే, సరిగ్గా నడిమికి విరిగింది. పడబోయి చెయ్యి ఆనిస్తే సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది. దెబ్బకి అడ్డం పెడితే ఇలా విరుగుతుంది. అతను చెప్పిన మాటలూ, చెయ్యి పెట్టి చూపించిన తీరూ ఫారం అడుగున రాసి సంతకం చేశాను.

రెండు వారాలకి రేమండ్ లాయరు ఫోన్ చేసింది. ఆ రాసిన మాట కోర్టుకొచ్చి చెప్పాలి, లేకపోతే పోలీసుని కొట్టిన నేరం మీద అతను జైలుకి పోతాడు.

ఆదివారం మా తెలుగు ప్రార్థన కూటం ప్రభాకర్ అంకుల్ ఇంట్లో. కూటానికి పెద్ద ఆయనే. రేమండ్ కోసం ప్రార్థించమనీ, గురువారం నాతో ఎవరైనా కోర్టుకి రమ్మనీ అడిగాను. అంకుల్ ప్రార్థించాడు. ప్రభుత్వం కోసం, పోలీసుల భద్రత కోసం, చివర్లో ‘ఒక సహోదరుని అస్వస్థత’ కోసం. విరిగిన చెయ్యి జలుబు స్థాయికి దిగింది.

భోజనాల దగ్గర నన్ను పక్కకి పిలిచాడు. “ఒరేయ్ అబ్బాయ్, నీకు ఇక్కడ స్థిరపడే పీఆర్ ఇంకా రాలేదు. అధికారులకి లోబడమనే కదా వాక్యం? మనకెందుకురా ఈ గొడవ?”

“యేసుప్రభువుని కొట్టింది కూడా డ్యూటీలో ఉన్నవాళ్ళే అంకుల్. అప్పుడు ఫారాలుంటే ‘కొయ్య మోస్తూ కింద పడ్డాడు’ అని రాసేవాళ్ళు.”

“ప్రభువు మీద జోకులా?”

“జోకయితే మీరు నవ్వేవారు అంకుల్.”

మా తాతలు చర్చి మెట్లెక్కింది ఊళ్ళో తమని మనుషుల్లో లెక్కెయ్యలేదని. మా తాతని కొట్టినప్పుడు స్టేషన్‌లో రాసుకున్నదీ ‘పడ్డాడు’ అనే. అంకుల్ వాళ్ళ తాతదీ అదే పేట. తెలియక పోలీసుల భద్రత కోసం ప్రార్థించి ఉంటే నేను పోనీలే అనుకునేవాణ్ణి. ఆయనకి తెలుసు. నాకు ఒళ్ళు మండింది అందుకే, ఇంకా చల్లారలేదు.

గురువారం కోర్టులో అవతలి లాయరు, “మీరు డాక్టరా?” అన్నాడు.

“కాదు.”

“అయితే ఎలా విరిగిందో మీరు చెప్పలేరు.”

“చెప్పలేను. చెయ్యి ఎక్కడ పెట్టి చూపించాడో మాత్రం చెప్పగలను.” నా చెయ్యి లేపి నుదుటికి అడ్డం పెట్టాను. దాన్ని కాసేపు అలాగే ఉంచాను.

రేమండ్ మీద కేసు కొట్టేశారు. కొట్టిన వాడి మీద ఏ కేసూ లేదు. ఆ పోలీసు కోర్టు మెట్ల మీద సిగరెట్ కాలుస్తున్నాడు.

రేమండ్ బంధువులు మూడు బెంచీల నిండా వచ్చారు. కట్టు కట్టిన చేత్తోనే నా భుజం తట్టి, “థాంక్యూ బ్రదర్,” అన్నాడు రేమండ్. తర్వాత నా వెనక్కి చూశాడు. “మీ చర్చి వాళ్ళు రాలేదా?”

“ప్రార్థిస్తున్నారు,” అన్నాను.

పెద్దగా నవ్వాడు. నేను జోకేశాననుకున్నాడు పాపం.

‘కింద పడ్డాడు’ అని ఫారం వస్తే ఇప్పుడు ఎవరినైనా సరే చెయ్యి ఎక్కడుందో చూపించమంటాను, చూపించింది రాస్తాను. ఉద్యోగానికి ఆ కేసు నేర్పింది అంత. విశ్వాసానికి నేర్పింది ఇంకా చిన్నది: ఎవరి కోసం ప్రార్థించామో వాళ్ళ పక్కకి వెళ్ళి కూర్చోవాలి. మాట్లాడక్కర్లేదు, బెంచీ మీద కూర్చుంటే చాలు. మా కూటంలో పదకొండు మందిమి. నాలుగు కార్లున్నాయి. అంకుల్ ఇంటి నుంచి కోర్టుకి పది నిమిషాలు.