అమ్మవారి కుచ్చిళ్లు

నంద్యాలలో మా వీధి ఆడవాళ్లకు ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధం చెబుతూ వచ్చాను. మా నాయన చెక్కిన అమ్మవార్లందరికీ నా చీరకట్టే పెట్టాడని. నా కుచ్చిళ్లు చూస్తూ బస్టాండులో కండక్టరు రైట్ చెప్పడం మరిచిపోతే, ఆళ్లగడ్డ బస్సు అరగంట కదల్లేదని కూడా చెప్పాను. నమ్మారు పాపం.

నిజం వేరు. ఆళ్లగడ్డలో మా నాయన విగ్రహాలు చెక్కుతాడు. ముఖం, చేతులు, చేతుల్లోని ఆయుధాలు అన్నీ శాస్త్రం చెప్పినట్టే ఉండాలి. చీర మడతలు మాత్రం చెక్కేవాడి ఇష్టం. నాయన ఇష్టమంతా మా అమ్మ. లావుగా నాలుగే కుచ్చిళ్లు, ఎడమకు ఒరిగి, కొంగు నడుము దగ్గర బిగించి. నా చిన్నప్పటి నుంచి ఏ ఊరికి ఏ అమ్మవారు లారీ ఎక్కినా మా అమ్మ కట్టుతోనే ఎక్కింది. దేవతకు దణ్ణం పెడుతూ తల్లి మీద కుళ్లుకున్న పిల్ల లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కుళ్లు కొద్దీ కట్టు మార్చేదాన్ని. ఒక వారం సన్న కుచ్చిళ్లు, మరో వారం కుడి కొంగు, ఇంకో వారం పిన్ను లేకుండా జారవిడిచిన పైట. నాయన తల ఎత్తితేనా!

ఈమధ్య ఒక ఆదివారం డిగ్రీ చదివే నా కూతురిని వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. అది మా అమ్మ పాత నేత చీరను చీలమండలు కనబడేలా పైకి కట్టి, రవికకు బదులు వాళ్ల నాన్న తెల్లచొక్కా వేసుకుని, కాళ్లకు బూట్లు తొడుక్కుని వచ్చింది. బస్సులో దాని పక్కన కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. అప్పుడు నాయన రుద్రవరం దగ్గరి ఒక పల్లెకు అమ్మవారిని చెక్కుతున్నాడు. మనవరాలిని చూశాడు. ఉలి కింద పెట్టాడు.

"పాపా, ఆడ నిలబడు. కదలొద్దు."

సుద్దముక్క తీసుకుని రాతి మీద దాని మడతలు గీయడం మొదలుపెట్టాడు. నేను వాళ్లిద్దరి మధ్యకు వెళ్లాను.

"నన్నెప్పుడన్నా అట్ల నిలబడమన్నావా నాయనా?"

"నువ్వు యాడ నిలబడినావు మే? నేను గీత గీసేలోపల కట్టు మార్చుకోని వస్తాంటివి. మీ యమ్మ పెండ్లినాటి నుంచి ఒగటే కట్టు. రాయికి అంత తీరిక గావల్ల."

"మరి ఇది? వచ్చే వారం ఇట్లనే ఉంటాదా?"

"ఉండను తాతా," అంది నా కూతురు, ఏ మొహమాటం లేకుండా. "ఇది ఈ పొద్దుటికే."

"అయితే నేనుంటా," అన్నాను. "నువ్వు చాలనే దాకా ఇదే కట్టుతో."

నాయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఎంతకాలానికి చూశాడో! సుద్ద గీత తుడిచేశాడు.

ఏడు ఆదివారాలు అదే చీర, అవే తొమ్మిది సన్న కుచ్చిళ్లు. నాయన లెక్క తప్పకూడదని మధ్యలో వారమంతా కూడా అదే కట్టు. పక్కింటామె కొత్త తీరులో చీర కట్టి నా గుమ్మం ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. పళ్లు కొరుక్కున్నాను. "అమ్మా, నీకేమన్నా జబ్బా?" అని కూతురు నుదురు తాకి చూసింది.

నాయన చూస్తుంటే మెడ నొప్పి తెలియలేదు. నాలుగో ఆదివారం మా అమ్మ కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది.

"ఇంగా ఎన్ని వారాలప్పా దీన్ని నిలబెట్టేది?"

"అయినప్పుడు అయితాది," అన్నాడు నాయన.

ఆ కాఫీలో చక్కెర లేదు. అయినా అంత తియ్యటి కాఫీ నేనెప్పుడూ తాగలేదు.

ప్రతిష్ఠ రోజు అందరం ఆ పల్లెకు వెళ్లాం. కుచ్చిళ్లు కనబడేలా ముందువరుసలో చోటు పట్టుకున్నాను. తెర తీశారు. పూజారి అప్పటికే అమ్మవారికి మెడ నుంచి పాదాల దాకా ఎర్ర పట్టుచీర కట్టేశాడు. పైన నిమ్మకాయల దండ. శిల్పి ఇంట్లో పుట్టి, ఇన్నేళ్లు కుళ్లుకుని, ప్రతి గుడిలో దేవతకు చీర కడతారన్న సంగతి నాకెలా తట్టలేదో!

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నా కుచ్చిళ్లు మాత్రం ఎవురు సూసినారనుకుంటివి మే? చెక్కినాయప్ప సూసినాడు. సాలు."

నాయన వైపు తిరిగాను. ఆయన నన్నూ చూడడం లేదు, అమ్మనూ చూడడం లేదు. పూజారి కట్టిన పట్టుచీరనే చూస్తున్నాడు. నేనూ చూశాను. పాదాల దగ్గర విసనకర్రలా విచ్చుకున్న కుచ్చిళ్లు. నావాటికన్నా బాగున్నాయి. దొంగ పూజారి, ఎన్ని మడతలు పెట్టాడో లెక్కబెట్టుకుంటూ ఉంటే హారతి పళ్లెం నన్ను దాటి వెళ్లిపోయింది.