రెండు సీట్ల బండి, నాలుగడుగుల గట్టు

మా అమ్మాయి దుకాణానికి నైలాన్ తాడు ఒకటి తెచ్చింది. దానికి మూడు ముడులు వేసి ఉన్నాయి. మొదటి ముడి దాకా గట్టు వెడల్పు. రెండో ముడి దాకా తూము దగ్గర మలుపులో ఉన్న జాగా. మూడో ముడి దాకా చక్రాలు ముంచే తొట్టి పొడవు. నెల్లూరులో పిల్లల సామాన్లు అమ్మే ఆ పెద్దమనిషి తాడును చూసి, మంచానికి నవారు కొనడానికి వచ్చి దారి తప్పారా అన్నట్టు మా ఇద్దరి ముఖాలూ చూశాడు.

అమ్మాయి కాపురం ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు, రొయ్యల గుంటల నడుమ. అల్లుడు రెండు గుంటలు కౌలుకు చేస్తున్నాడు. పంట ఉన్నన్నాళ్లూ గుంట దగ్గర మనిషి ఉండాలి కాబట్టి మోటారు షెడ్డు పక్కనే రెండు గదులు వేసుకున్నారు. ఇంటి వెనుక ఉప్పుటేరు. ముందు, తారు రోడ్డు దాకా, ఒకే ఒక గట్టు. నడిస్తే పది నిమిషాలు. ఇంటి నుంచి వస్తుంటే కుడి పక్క అల్లుడి గుంటలు, ఎడమ పక్క పొరుగు రైతుది. రోడ్డు మీద చిన్న ప్రైవేటు బడి ఉంది, అందులో మా అమ్మాయి టీచరు. రెండేళ్లు దాటిన మనవరాలినీ ఆరు నెలల మనవడినీ వెంట తెచ్చుకుని ఆయమ్మ దగ్గర ఉంచుకోవచ్చని బడివాళ్లు ఒప్పుకున్నారు. అందుకే ఆ ఉద్యోగం నిలబడింది.

అంతకుముందు అల్లుడు ముగ్గురినీ మోటారు సైకిల్ మీద రోడ్డు దాకా దింపేవాడు. పొరుగు గుంటలో రొయ్యకు తెల్లమచ్చ జబ్బు వచ్చాక అది ఆగిపోయింది. చక్రాలకు అంటిన బురదతో జబ్బు గుంట నుంచి గుంటకు పాకుతుందని రైతుల భయం. అందరూ కూర్చుని మాట్లాడుకుని గట్టుకు అడ్డంగా వెదురు బొంగు కట్టేశారు. మేత బస్తాలైనా నెత్తిన మోసుకుపోవలసిందే. మనుషులు బ్లీచింగ్ పౌడరు కలిపిన తొట్టిలో కాళ్లు ముంచి దాటాలి.

అప్పటి నుంచి అమ్మాయి పిల్లవాణ్ని భుజాన వేసుకుని, పాపను చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచీ రెండో భుజాన తగిలించుకుని నడుస్తోంది. చచ్చిన రొయ్యల కోసం కొంగలు గట్టు పొడుగునా దిగేవి. పాప చెయ్యి విడిపించుకుని వాటి వెంట పడేది. ఒక రోజు జారి మోకాళ్ల దాకా నీళ్లలో దిగింది. ఆ సాయంత్రమే అమ్మాయి నాకు ఫోను చేసింది. ఇద్దరు పిల్లలు పట్టే బండి కావాలంది. రైతులను అల్లుడు అడిగాడట. చక్రాలు చిన్నవై పూర్తిగా తొట్టిలో మునిగితే, బురద నిలిచే గాట్లు లేకుండా నున్నగా ఉంటే, తోసుకుపోవచ్చన్నారట.

నేను ముప్పై ఏళ్లు ఒక పత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. మండలాల నుంచి వచ్చిన వార్తలు దిద్ది పేజీలో పెట్టడం నా పని. నీటిగుంటలో పడి చిన్నారి మృతి అనే శీర్షిక ఎన్నిసార్లు పెట్టానో చెప్పలేను. ఒక కాలమ్ వెడల్పు, నాలుగు వాక్యాలు. ఊరు మారేది, పేరు మారేది, ‘ఆడుకుంటూ వెళ్లి’ అన్న మాట మాత్రం ప్రతిదాంట్లోనూ ఉండేది. పాప నీళ్లలో దిగిందని విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చినవి ఆ రెండు మాటలే. బండి ఏదైనా సరే, పిల్ల దిగలేనిదై ఉండాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో సీట్లు ముందూ వెనుకా ఉంటాయి. సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. రెండోదాంట్లో పక్కపక్కన. మేం పిల్లల బండి అంటే ఆయన స్ట్రోలర్ అంటున్నాడు. పొడుగు దాన్ని అటూ ఇటూ తోసి చూపించి, లిఫ్టులో ఇట్టే పడుతుందన్నాడు. గట్టు మీద లిఫ్టు లేదని అమ్మాయి చెప్పి నేల మీద తాడు పరిచింది. రెండో ముడి దగ్గర బండిని తిప్పి చూసింది. ముందు చక్రాలు మలుపు తిరిగేసరికి వెనుక చక్రం తాడు దాటి పోయింది. అంటే నీళ్లలో పడ్డట్టే. మూడుసార్లు తిప్పినా అంతే.

పక్కపక్కన సీట్ల బండి ఉన్నచోటే తిరిగింది. కానీ వెడల్పులో పెడితే అటు జానెడు, ఇటు జానెడు మాత్రమే మిగిలాయి. అమ్మాయి చాలాసేపు ఆ జానెడునే చూస్తూ నిలబడింది.

“తమ్ముడు పక్కన ఉంటే పాప కుదురుగా కూర్చుంటుందమ్మా, వెనక సీట్లో వేస్తే ఏడుపే,” అన్నాడు దుకాణదారు.

“ఏడిస్తే ఏడవనీ సార్. జానెడే కదా మిగిలేది,” అంది అమ్మాయి.

అప్పుడు ఆయన బెల్టు చూపించాడు. భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి. అన్నీ పొట్ట దగ్గర ఒకే బకిల్‌లో కలుస్తాయి. రెండు పక్కలా ఉన్న బొత్తాలు ఒకేసారి గట్టిగా నొక్కితేగాని ఊడదు. పొడుగు బండికి మామూలు నడుము పట్టీయే ఉంది. నేను ఆ బకిల్‌ను ఊడదీసి, పెట్టి, మళ్లీ ఊడదీశాను. పిల్లల వేళ్లకు లొంగేది కాదు. ఇదే తీసుకుందామన్నాను. అమ్మాయి ఇంకా తాడు వైపే చూస్తుంటే, మలుపు తిరగని బండిని ఏం చేసుకుంటావని గట్టిగా అన్నాను. చక్రాలు సన్నగా, నున్నగా, గట్టి ప్లాస్టిక్‌వి. అల్లుడు అడిగినట్టే ఉన్నాయి. సన్నటి చక్రం మెత్తటి మన్నును కోస్తుందన్న సంగతి దుకాణం టైల్స్ మీద మాకు తట్టలేదు.

కొన్నాళ్లు వాళ్ల దగ్గరే ఉందామని బండితోపాటు నేనూ వెళ్లాను. మొదటి ఉదయం తొట్టిలో చక్రాలు ముంచుతుంటే పొరుగు గుంటకు కాపలా ఉండే ఆమె వచ్చింది. సముద్రంలో వేటకు పోయే కుటుంబం. మొగుడు పడవ మీద పోతే ఈమె గుంట చూసుకుంటుంది. ఆ రైతు జబ్బు పడిన పంటను మందు పెట్టి చంపేశాక ఇక కాపలాకు ఏమీ మిగలకపోయినా, గుడిసె అక్కడే ఉంది కాబట్టి ఆమె కూడా ఉంది. బండిని చుట్టూ తిరిగి చూసింది. మనవరాలి పొట్ట మీది బకిల్‌ను వేలితో కదిలించింది.

“ఇది ఎట్ట ఊడతాది మా?”

నొక్కి చూపించాను. ఆమె నొక్కితే రాలేదు. మళ్లీ నొక్కింది. చెయ్యి తీసేసి నా వైపు చూసింది.

“నీళ్ల పక్కన బిడ్డని ఇట్ట కట్టేస్తారా? బండి పోతే బిడ్డ కూడా పోతాది గదమ్మా.”

కట్టకపోతే దిగి పరుగెడుతుందని చెప్పాను. వాళ్లు ఉప్పుటేరు దాటేటప్పుడు పిల్లలను పాత చీర గుడ్డతో నడుముకు కట్టుకుంటారట. ఆ ముడికి ఒక కొస వదులుతారట. పడవ ఒరిగితే ఆ కొస ఒక్కసారి లాగితే చాలు, బిడ్డ చేతికి వచ్చేస్తుందట. ఊడని ముడి పడవలోకి తేనివ్వరట. బండి ఎందుకు పోతుందని అడిగాను, కొంచెం నవ్వుతూనే. ఆమె ఎడమ పక్క గుంట వైపు చూసింది.

“ఆ పక్క గట్టు ఎవురు చూస్తా ఉండారు మా ఇప్పుడు?”

ఆ మాట నాకు నచ్చలేదు. పట్టీలు ఇంకొంచెం బిగించి, బండి తోసుకుంటూ వెళ్లాను.

కానీ ఆ రోజు నుంచి చెవి అటే ఉండేది. అల్లుడి గుంటల్లో ఏరేటర్లు రోజంతా నీళ్లను చిలుకుతూ ఉంటాయి. ఆ చప్పుడుకు అలవాటు పడితే అదే నిశ్శబ్దం అనిపిస్తుంది. ఎడమ గుంటలో ఏరేటర్లు ఆపేశారు. నీళ్లు పాలిపోయి, కదలకుండా ఉండేవి. కొంగలు రావడం మానేశాయి. అప్పుడప్పుడూ గట్టు కింద నుంచి మన్ను పెళ్ల ఒకటి నీళ్లలోకి జారేది. చూస్తే పైన ఏమీ కనిపించదు. గడ్డి, పీతలు రాకుండా కట్టిన వల, వల గుంజలు, అన్నీ ఉన్నచోటే ఉండేవి. పీతలు గట్టు లోపల బొరియలు చేస్తాయని, పంట ఉన్న రైతు ఎప్పటికప్పుడు వాటిని పూడుస్తాడని అల్లుడు చెప్పాడు. తన వైపు తను పూడుస్తున్నాడు. ఎడమ రైతు ఫోను ఎత్తడం లేదు. వెంకటాచలం దగ్గర హైవే మీద ఏదో గోడౌన్లో పనికి కుదిరాడని విన్నాం.

తర్వాతి వారం వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిసింది. మూడో రోజు తెరిపి ఇచ్చింది. సాయంత్రం బడి నుంచి వస్తున్నాం. బండి నేను తోస్తున్నాను. అమ్మాయి నా వెనుక, సంచీలతో. పడమటి ఎండ బాబు కళ్లలో పడకుండా నేనే పిల్లల సీట్లు మార్చాను, ఆ వేళ పాప పొరుగు గుంట పక్కన ఉంది, బాబు మా గుంట పక్కన. తూము మలుపు దగ్గర, తిప్పుదామని పిడి మీద బరువు వేయగానే, పాప కింది చక్రం ఇరుసు దాకా నేలలోకి దిగింది.

ఏ చప్పుడూ లేదు. గడ్డి అలాగే ఉంది. గడ్డి కింద ఏమీ లేదు. బండి మెల్లగా, ఎవరో అటు నుంచి లాగుతున్నట్టు, వల మీదికి ఒరిగింది. అమ్మాయి సంచీలు పారేసి పిడి పట్టుకుంది. నేను ముందుకు వెళ్లి బకిల్ మీద రెండు వేళ్లూ పెట్టాను. పాప బరువంతా పట్టీల మీద వేలాడుతోంది. పట్టీలు బిగుసుకుపోయి బొత్తాలు కదల్లేదు. దుకాణంలో ఎన్నిసార్లు ఊడదీశానో ఆ బకిల్‌ను. పాప ఏడవడం లేదు, నా వేళ్లనే చూస్తోంది. వల గుంజ ఒకటి పెకలి వచ్చింది. తర్వాత రెండోది. బండి ఇంకొంచెం వంగింది.

కాపలా ఆమె తన గుడిసె ముందు నుంచి చూసింది. గట్టు మీదుగా రాలేదు, నేరుగా గుంటలో దిగింది. రొమ్ముల లోతు నీళ్లలో నడిచి వచ్చి బండి కింద భుజం పెట్టింది. నడుము దగ్గర దోపుకున్న వల కత్తి తీసి నా చేతులు పక్కకు తోసింది.

“నువ్వు గమ్మునుండు మా. బిడ్డని పట్టుకో.”

భుజాల పట్టీలు రెండూ కోసింది, తర్వాత నడుమువి. పాప నా చేతుల్లోకి వచ్చింది. అప్పుడు ఏడ్చింది. ఆమె బండి బరువు మోస్తూ ఉండగానే అమ్మాయి ఒంగి, రెండో సీటులోని బాబుకు బకిల్ నొక్కింది. ఆ వైపు బరువు లేదు కాబట్టి అది మామూలుగానే ఊడింది.

ఆమె గట్టెక్కి చీర పిండుకుంది. మందు కలిసిన నీళ్లు కదా, పోయి ఒళ్లు కడుక్కోమన్నాను.

“కడుక్కుంటాలే మా. ఇంత సదువుకున్నారు, బిడ్డ ఎక్కేదాన్నే చూసినారు గానీ దిగేదాన్ని చూడలేదే,” అంది. కోపంగా అనలేదు.

అల్లుడు ఆ గుంతలో ఇసుక బస్తాలు దింపాడు. రెండు పడతాయనుకున్నాడు, ఐదు పట్టాయి. పంట అయ్యేదాకా పిల్లలను తీసుకుని నెల్లూరు వచ్చెయ్యమని అమ్మాయితో అన్నాను. ఇద్దరు పసివాళ్లతో రోజూ అక్కడి నుంచి బస్సులో బడికి రావడం కుదరదని తనూ చెప్పింది, నాకూ తెలుసు. నడుమలో మానేస్తే ఆ ఉద్యోగం మళ్లీ రాదు. అల్లుడు పంటను వదిలి కదలలేడు. బండిని మాత్రం ఇంటి గోడకు ఆనించేశాం. ఇప్పుడు అమ్మాయి బాబును ఎత్తుకుంటుంది, నేను పాపను. గట్టు నడిమధ్యలో ఒకరి వెనుక ఒకరం నడుస్తాం.

“నువ్వు ఊరికి పోయినాక ఎట్ట మా?” అని అడిగింది అమ్మాయి.

నేను పోలేదు. రొయ్యల పట్టుబడికి ఇంకా మూడు వారాలుందని అల్లుడు అంటున్నాడు. రోజూ పొద్దున పిల్లలు లేవకముందే ఒక కొస పిడిలా వంచిన సన్నటి ఇనుప చువ్వ పట్టుకుని గట్టు పొడుగునా పొడుచుకుంటూ వెళ్తాను. ఎడమ అంచున ఎక్కడ పొడిచినా మూరెడు దిగుతుంది. మొన్నటి నుంచి కుడి అంచున, అల్లుడు పూడ్చిన చోట్ల పక్కనే, దిగడం మొదలైంది. నిన్న తూముకు ఇవతల నడిమధ్యలో పొడిచాను. చువ్వ చేతిలోంచి జారి పిడి దాకా పోయింది. లోపల నీళ్ల చప్పుడు వినిపించింది.

ఇంటికి వచ్చి ఇద్దరితోనూ చెప్పాను. అల్లుడు పార తీసుకుని వెళ్లాడు. అమ్మాయి అప్పటికే చీర కట్టుకుని, పిల్లలకు బొట్టు పెట్టి, సంచీ సర్దుకుని ఉంది. సంచీ గోడ వారన పెట్టింది. తర్వాత బాబును చాప మీద పడుకోబెట్టి, బడికి ఫోను చేసి, ఈ రోజు రాలేనని చెప్పింది. అవతల నుంచి, రేపైనా వస్తావా అని అడిగినట్టున్నారు. తను గట్టు వైపు చూస్తూ, గట్టు నిలిస్తే వస్తానంది.