లచ్చిమి పోయిందన్న కేక

గన్నవరం దాటాక హైవే పక్కన రేకుల షెడ్డు. అదే మా క్యాంపు. వానలు మొదలైన వారంలో డ్యూటీలో చేరాను. అంతకుముందు ఆ పని మా ఆయనది. లారీ గుద్ది పోయాడు, హైవే కంపెనీవాళ్లు ఆయన పని నాకిచ్చారు. ఒకపక్క కాలువ, ఇంకోపక్క వరిచేలు, మధ్యలో రోడ్డు. బండ్ల కింద పడ్డ కుక్కల్ని, పందుల్ని, గేదెల్ని తియ్యడం మా పని.

సామాను చెబుతాను. మెరిసే పట్టీల జాకెట్, రోడ్డుకి అడ్డం పెట్టే కోన్లు, మోకు, గోనెసంచులు, నెత్తురు మీద చల్లడానికి ఇసుక. వాకీటాకీ సూపర్‌వైజర్ దగ్గరుండేది.

మొదటిరోజే సూపర్‌వైజర్ ఆర్డరు వేశాడు. "ముందు కోన్లు పెట్టమ్మా. లేకపోతే వెనకొచ్చే లారీకి మనమూ గేదెలమే. ప్రాణంతో ఉన్నదాని దగ్గరికి పోకు. కాలు విసిరిందంటే పక్కటెముకలు పోతాయ్. పశువుల డాక్టరొచ్చేదాకా దూరంగా ఉండు."

ఆ మధ్యాహ్నం జల్లు పడి వెలిసింది. రోడ్డు జారుతోంది. వాకీటాకీ అరిచింది. "వంతెన దగ్గర కారు గేదెని గుద్దింది. త్వరగా వెళ్లండి."

వెళ్లాం. కారు ముందుభాగం నుజ్జయింది. కారాయన చెయ్యాల్సిందంతా చేశాడు. పారిపోలేదు. కారు పక్కకి తీశాడు, లైట్లు వేశాడు, ఫోన్ చేశాడు, గేదెకి దూరంగా నిలబడ్డాడు. కార్లలో తిరిగే మీరూ అలాగే చెయ్యాలి.

గేదె నడుం విరిగింది. ముందుకాళ్ల మీద లేవబోతోంది, పడుతోంది. తల రోడ్డుకేసి కొట్టుకుని కొమ్ము ఊడింది. నేను కోన్లు పెడుతుండగానే మెడ వాల్చేసింది.

గేదె గలావిడ నాట్లు వదిలేసి చేలోంచి పరుగెత్తుకొచ్చింది. మోచేతులదాకా బురద. రోడ్డు మీద కూలబడి గుండెలు బాదుకుంది.

"నా లచ్చిమి పోయిందిరో! నా లచ్చిమిని చంపేశాడ్రో!"

రోడ్డవతల టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లున్నారు. మా బండి అడ్డం, వాళ్లకి గేదె కనబడలేదు. కేక ఒక్కటే వినబడింది.

"ఆడమనిషిని గుద్దేశాడ్రా!"

డివైడర్ దూకి వచ్చారు. ముందొచ్చినవాడు కారాయన దవడ మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆయన పడిపోయాడు. కడుపులో తన్నారు, మొహం మీద తన్నారు. "నేను ఆగానండీ... ఆగానండీ..." అంటున్నాడు. మాటకో నెత్తుటి బుడగ.

సూపర్‌వైజర్ వాకీటాకీలో అరుస్తున్నాడు. "పోలీసుల్ని పంపండి సార్, చంపేస్తున్నారు!"

"చచ్చింది గేదేగా?" అంది కంట్రోల్ రూమ్.

"మనిషిని సార్! మనిషిని!"

నేను మధ్యలోకి దూరాను. "లచ్చిమంటే గేదెరా! గేదె!" ఎవడూ వినలేదు. ఒకడు నా జాకెట్ పట్టి అవతలికి విసిరాడు. "తప్పుకో అక్కా, నీకూ పడతాయ్!" వాడి చేతిలో ఇనపరాడ్. అది తలమీద పడితే ఆ మనిషి ఇక లేడు.

ఆవిడ రెక్క పట్టుకుని లేపాను. "నువ్వు చెప్పమ్మా. నీ మాటే వింటారు."

ఆవిడ అప్పుడు చూసింది. ఏడుపాగిపోయింది. వెళ్లి కారాయన మీద అడ్డంగా పడింది. రాడ్ ఆవిడ భుజానికి తగిలింది.

"చంపేస్తారేంట్రా! నా లచ్చిమి అదిగో, మీ వెనకాల!"

అందరూ తిరిగి చూశారు. రాడ్ పట్టుకున్నవాడు దాన్ని కాలువలోకి విసిరేసి పారిపోయాడు. దవడ విరగ్గొట్టినవాడు మాత్రం కదల్లేదు.

"గేదె అని ఏడవొచ్చుగా పిన్నీ! మనిషనుకున్నాం."

"దాన్ని గేదె అని నేనెప్పుడు పిలిచాన్రా?"

వానాకాలం అయ్యాక పని మానేసి వన్ టౌన్‌లో మా ఇంటికి తిరిగొచ్చాను. కారాయన బతికాడు, ఒక కన్ను పోయింది. ఇంకోసారి ఏ పశువునైనా గుద్దితే ఆయన ఆగుతాడో లేదో నాకు తెలీదు. మీరు ఆగండి. ఫోన్ చెయ్యండి. జనం మీదికొస్తే కార్లో కూర్చుని తలుపులేసుకోండి.

ఆ రోడ్డు మీద చాలా చూశాను, చాలావరకు మర్చిపోయాను. ఒక్కటి మాత్రం పోదు. కారాయన్ని ఎక్కించుకుని అంబులెన్స్ కదిలింది. దవడ విరగ్గొట్టిన ఆ కుర్రాడు దాని వెనకాలే పరుగెత్తాడు. చేతిలో ఆయన బూటు ఒకటి. "ఆపండీ, ఆయన బూటండీ, బూటు!" అని ఏడుస్తూ, అంబులెన్స్ కనబడకుండా పోయినా, పరుగెత్తుతూనే ఉన్నాడు.