జింకలకు వదిలిన సందు

మా అత్తవారి బొబ్బర్ల తోట సాలూరు దగ్గర, కొండ దిగువన ఉండేది. జింకలు కొండ దిగి ఆ తోట మీదుగానే, అవతల పారే గెడ్డకు నీళ్లకు వెళ్లేవి. అరవైల చివర్లో నేను కాపురానికి వెళ్లిన ఏడాది, మా మావ పంతం పట్టి తోట చుట్టూ ముళ్లకంప బిగించేశాడు. జింకలు మానాయా? కంప దూకి లోపల పడి, బయటికి దారి తెలియక, తిన్నదానికన్నా తొక్కిందే ఎక్కువ.

"ఓ పక్కన బండి పట్టేంత సందు ఒగ్గీండి మావా, గెడ్డదాకా. దానికి రెండేపులా కంపెయ్యండి" అన్నాను.

"దారి ఒగ్గేస్తే మేసెయ్యవేటి?"

"ఆటికి కావలసింది గెడ్డ. బొబ్బర్లకి పేడనీళ్లు సల్లుదాం, మూతెట్టవు."

కొత్త కోడలికి ఇంత నోరా అని అత్త బుగ్గలు నొక్కుకుంది. నాకు నోరు పుట్టుకతోనే ఉంది. నేనన్నట్టే చేశారు. జింకలు బుద్ధిగా సందులోంచి పోవడం మొదలుపెట్టాయి.

ఆ రోజుల్లోనే మా మరిది చదువు చాలించి, డ్రైవరు అవుతానంటూ సాలూరు లారీల చుట్టూ తిరిగేవాడు. మావ వాడి చొక్కాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. వాడు తండ్రి కండువాయే కప్పుకుని వెళ్లాడు. తిరిగొచ్చి మావ చేత దెబ్బలు తిన్నాక పెరట్లో నాతో, "వొదినా, ఈపాలి ఎల్తే మరి రాను" అన్నాడు. కళ్లలో చుక్క నీరు లేదు. అది చూసే, వాడు అన్నంత పనీ చేస్తాడని నాకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే మావ సందులో జింకల అడుగులు చూసి మురిసిపోతున్నాడు. ఇదే అదను అనుకున్నాను.

"మావా, మరిదికీ ఓ సందు ఒగ్గీండి."

"లారీలెంట తిరిగితే పాడైపోతాడమ్మా."

"దూకి పారిపోతే పాడవుతాడు. మీకెరికున్న డ్రైవరు దగ్గిర మీరే ఎట్టండి. ఆదోరం ఇంటికి రావాలని సెప్పండి. ఆ రెండూ ఆడికి రెండేపులా కంప."

మావ అటునుంచటే ఇంటికెళ్లి పెట్టె తెరిచి, మంచి చొక్కా ఏరి, వాణ్ణి తనే సాలూరు తీసుకెళ్లాడు. తర్వాత నా పిల్లల్ని పెంచినప్పుడూ నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. వాళ్లు ఎటు పోవాలనుకుంటున్నారో ముందు చూసేదాన్ని, కంప సంగతి ఆ తర్వాతే.

మొదటి ఆదివారం మిట్టమధ్యాహ్నం మావ ఆ సందు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"ఏటి మావా, ఇంతెండలో?"

"జింకలొస్తాయేమోనని సూస్తన్నాను."

ఆ వేళప్పుడు జింకలేమిటి! మంచినీళ్లిచ్చి వచ్చాను. సాలూరు రోడ్డు గెడ్డకు అవతలే. పొద్దు వాలాక మరిది మోచేతుల దాకా గ్రీజుతో, గెడ్డ దాటి, ఆ సందులోంచే నడిచొచ్చాడు.

మావ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఒరే, అన్నం తిన్నావేటి?" అన్నాడు.