కప్పు లేని గుడిలో మా పక్కింటి ఆంటీ

అక్కలూ, ముందుగా నా చేతిరాతను, అక్షరదోషాలను మన్నించండి. ఆరో తరగతితో బడి మానేశాను. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. శనివారం మనం కలిసినప్పుడు నోటితోనే చెబుదామనుకున్నాను. పదిమంది ముందు నాకు గొంతు పెగలదని మీకు తెలుసు కదా, అందుకే రాస్తున్నాను. మా పక్కింటి ఆంటీ చనిపోయారు. మూడు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున ఏడింటికి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అమ్మ ఇక లేదు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

ఆంటీ తెల్లావిడ. ఎనభై ఆరేళ్ళు. ఇంగ్లాండులో ఒక చిన్న ఊళ్ళో పుట్టి, ఇరవై ఏళ్ళకు పెళ్ళయి, ఓడెక్కి ఈ దేశం వచ్చారట. నేను ఇక్కడికి, ఈ మౌంట్ రాస్కిల్ పేటకు వచ్చిన కొత్తలో మా ఆయన డ్యూటీకి వెళ్ళగానే తలుపు గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు ఆంటీ కంచె మీదుగా జామకాయల్లా ఉండే ఫీజోవా పళ్ళ సంచి అందించి, తన కాళ్ళ వైపు చూపించి, మేజోళ్ళు తొడుగుతావా అని సైగ చేశారు. ఆవిడ వంగలేరు. అప్పటి నుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి అదే నా పని. నేను తొడుగుతూ ఉంటే ఆవిడ ఒక్కొక్క ఇంగ్లీషు మాట నేర్పేవారు. మడమ, మోకాలు, వాన, కిటికీ. తప్పు పలికినా నవ్వేవారు కాదు. అందరినీ "లవ్" అని పిలిచేవారు, బస్సు డ్రైవర్‌ను కూడా. నా మొహం చూసి, "భయపడాలంటే పడు లవ్, కానీ ముందు టీ తాగు" అనేవారు. ఆవిడ మాటలు నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

చనిపోయే లోపల పుట్టిన ఊరు ఒకసారి చూడాలని ఆవిడ కోరిక. వాళ్ళబ్బాయికి సెలవు దొరకలేదు. తోడుగా నన్ను పంపమని వచ్చి మా ఆయన్ను అడిగాడు. టికెట్టు, వీసా అంతా అతనే చూసుకున్నాడు. విమానం ఎక్కినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. ఈవిడకు దారిలో ఏమైనా అయితే నేను ఏ భాషలో ఎవరిని పిలవాలి? లండన్‌లో దిగాక ఆఫీసరు నా పాస్‌పోర్టు చూసి, "ఈవిడ నీకేమవుతారు?" అని అడిగాడు. ఎయిర్‌పోర్టు వాళ్ళిచ్చిన చక్రాల కుర్చీలో నుంచి ఆంటీయే చెప్పారు. "తను నా కాళ్ళు."

ఆ ఊరు చిన్నదే. ఒక నది, దాని మీద రాతి వంతెన, నడిమధ్యన సంత జరిగే చౌరస్తా. ఆంటీ చదివిన బడిలో ఇప్పుడు కుర్చీలు అమ్ముతున్నారు. కొట్టు అతను వద్దంటున్నా వినకుండా ఆవిడ లోపలికి వెళ్ళి, కిటికీ పక్కన ఒక కుర్చీలో కూర్చుని, "ఇదే నా చోటు" అన్నారు. కొండ మీద పాత కోట చూశాం. అప్పట్లో ఖైదీలను పడేసిన గొయ్యి ఉంది, అందులోకి తొంగి చూసి నేను వెనక్కి జరిగాను. ఆంటీ మాత్రం చిన్నప్పుడు అందులోకి ఆపిల్ తొక్కలు విసిరేవారట.

మూడో రోజు బస్సెక్కి, ఎప్పుడో ఒక రాజు మూయించిన పాత క్రైస్తవ మఠం దగ్గరకు వెళ్ళాం. పెద్ద పెద్ద రాతి తోరణాలు, కప్పు లేదు, లోపలంతా గడ్డి. నాకైతే అది గుడే. అలవాటుగా గోడ పక్కన చెప్పులు విప్పాను.

"ఎందుకు విప్పావు?" అన్నారు ఆంటీ.

"దేవుడి చోటు కదా ఆంటీ."

"ఆయన్ను ఇక్కడి నుంచి ఖాళీ చేయించి నాలుగైదు వందల ఏళ్ళయింది, లవ్."

"అయినా వచ్చిపోతూ ఉంటాడు."

ఆవిడ పకపకా నవ్వి, "అయితే నావీ విప్పు" అన్నారు. నేనే విప్పాను. నా చేతులతో. మేజోళ్ళు ఉంచాను, చలి అని. లోపల మూడు మెట్లున్నాయి. పొద్దున వాన పడింది. మెట్ల మీద నాచు. వాళ్ళబ్బాయికి పంపడానికి ఫొటో తీయమన్నారు. ఫోన్ కోసం ఆవిడ చెయ్యి ఒక్క క్షణం వదిలాను.

ఆవిడ కాలు జారి పక్కకు పడిపోయారు. రాయికి తుంటి తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను తెలుగులో అరిచాను. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు కదల్లేదు. తర్వాత కళ్ళు తెరిచి, "ముందు టీ" అన్నారు. లేచి, నా భుజం పట్టుకుని బస్సు దాకా నడిచారు. ఆస్పత్రికి వెళ్దామని ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. "వాడికి చెప్పకు. చెబితే నన్ను ఇక గేటు కూడా దాటనివ్వడు" అని ఒట్టు వేయించుకున్నారు.

తిరిగొచ్చాక రోజూ మేజోళ్ళు తొడిగేటప్పుడు తొడ దాకా ఆ నీలం మరక చూసేదాన్ని. నీలం పచ్చబడింది, పోయింది. కానీ ఆవిడ నడక తగ్గింది, తిండి తగ్గింది. రెండు నెలలకు పోయారు. డాక్టరు గుండె ఆగిందని చెప్పాడట. నాకు మాత్రం చెప్పులే కనబడతాయి.

మా ఆయనకు చెప్పాను. ఆయన తలుపు మూసి వచ్చి మెల్లగా అన్నాడు. "ఎవ్వలకు చెప్పకు. కాగితం మీద అసలే పెట్టకు. ఈడ ఉండనీకి పెట్టిన మన రెసిడెన్సీ ఫైలు ఇంకా తేలలే."

"చెప్తే ఏమైతది?"

"ఏమైతదో నాకెర్కనా? కేసంటరో, ఇంకేమంటరో. నువ్వు సక్కగ నోరు మూసుకో."

నోరు మూసుకున్నాను. అంత్యక్రియల్లో వెనక వరుసలో తల దించుకుని కూర్చున్నాను. మొన్న ఆదివారం వాళ్ళబ్బాయి ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చాడు. నన్ను పిలిచి ఆంటీ పూల కప్పులు చేతిలో పెట్టి, "ఆ ప్రయాణం గురించి చెప్పు. అమ్మ నాకు పెద్దగా ఏమీ చెప్పలేదు" అన్నాడు. కప్పులు కింద పెట్టేశాను. ఆవిడే నేర్పిన మాటలు ఒక్కొక్కటి ఏరుకుని చెప్పాను. గుడి. వాన. మెట్లు. చెప్పులు నేనే విప్పాను. చెయ్యి నేనే వదిలాను.

అతను ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు. తర్వాత, "పడే ముందు అమ్మ ఏం చేస్తోంది?" అని అడిగాడు.

"నవ్వుతున్నారు."

"నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఆంటీ వద్దన్నారు. తర్వాత నాకు భయం."

అతను కారు తాళాలు తీసుకుని బయటకు వెళ్ళాడు. నేను మా ఇంటికి వచ్చి పరదా సందులోంచి చూశాను. అతని మొహంలో ఉన్నది కోపమో, ఏడుపో నాకు తెలియలేదు. ఇంకా తెలియదు. ఇప్పుడు వీధిలో ఏ కారు ఆగినా నా గుండె ఆగుతుంది. చెప్పినందుకు మాత్రం బాధ లేదు. మా ఆయనకు ఇంకా తెలియదు, అందుకని మీలో ఎవరు చివర చదివితే వాళ్ళు దయచేసి ఈ కాగితాలు కాల్చేయండి. ఆ రోజు అతను కారు కదిలించలేదు. వాన ఆగి చాలాసేపయినా అద్దం మీద వైపర్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. వాటి వెనక అతను రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ముందుకు చూస్తూ కూర్చున్నాడు.