గోపమ్మ పట్టించిన పథ్యం

తుమ్మలగడ్డలో గోపమ్మ నోటికి జడవని మనిషి లేడు. గొర్రె తప్పిపోయినా, ఆలుమగలు కొట్లాడుకున్నా, ఒకరి చేన్లో ఇంకొకరి మేక పడ్డా కురుమవాడ పంచాయితీ ముందుగా ఆమె గడపకే వచ్చేది. నల్గొండ నుంచి దేవరకొండ పోయే తోవలో రోడ్డు దిగి, రాళ్ల నడుమ చాలాసేపు నడిస్తే వస్తుంది ఆ ఊరు. ఆమెకు పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వాడలో. మేనబావ ఐలేశాన్నే చేసుకుంది. అతను ఎండాకాలం మందను తోలుకొని కృష్ణ ఒడ్డుదాకా నడిచిపోయి, తొలకరికి తిరిగొచ్చే గొల్ల కురుమల్లో మొనగాడు. అతని కాళ్లు నడిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ ఇంటికి గొప్ప చుట్టరికం ఒకటి ఉంది. ఊరి పటేలు భార్యకు కొడుకు పుట్టినప్పుడు పాలు పడలేదు. అప్పుడే బిడ్డను పోగొట్టుకున్న గోపమ్మ తల్లి బాలనర్సమ్మ ఆ పిల్లవాడికి పాలిచ్చి సాకింది. ఆ పిల్లవాడే అమరేందర్. వాడిని చంకనేసుకొని వాడంతా తిప్పింది గోపమ్మ. ఊరు ఊరంతా అతన్ని చిన్నపటేలా అని వంగి దండం పెడితే, ఆమె ఒక్కతే తమ్మీ అని పిలిచేది. ఆ పిలుపు ఆమెకు నగతో సమానం. పదిమందిలో ఉన్నప్పుడు కాస్త గట్టిగానే పిలిచేది.

రజాకార్ల గడబిడలో పటేలు కుటుంబం హైదరాబాదు చేరింది. అమరేందర్ అక్కడ చదివి, ఓడెక్కి సీమకు పోయి ఇంకా చదివి, డాక్టరై వచ్చాడని ఊళ్లో తెలిసింది. యాభై ఏడులో జీపు వేసుకొని వచ్చి చావడి ముందు దిగితే, జ్వరాలవాళ్లూ కురుపులవాళ్లూ వరసకట్టారు. తీరా చూస్తే డాక్టరే గానీ సూది వేయడు! మనిషి ఒంట్లో ఏ ఉప్పు ఎంతుందో, నరం ఎట్లా పనిచేస్తుందో లెక్కతీసే డాక్టరట. జనం ఉసూరుమని తలో దిక్కు పోయారు. గోపమ్మ మాత్రం ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె పెట్టింది.

అతను వచ్చింది నడుముల కోసం. కురుమవాడలో నలభై దాటిన మగవాళ్లు సగంమంది వంగిపోయి ఉండేవారు. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. పిల్లల పళ్లు గోధుమరంగు. ఊరివాళ్లు వాతమన్నారు, మైసమ్మ కోపమన్నారు. అమరేందర్ మాత్రం ఏదో ఒంట్లోకి పోయి ఎముకనూ నరాన్నీ పాడుచేస్తోందనీ, అదేమిటో పట్టుకుంటాననీ అన్నాడు. గోపమ్మ గొంగడి పరిచింది. కురుమల ఇంట్లో గొంగడి మీద కూర్చొని అన్న మాట బీరప్ప దేవుడి ముందు అన్నట్టే. అది అమరేందర్‌కూ తెలుసు, ఆ ఇంటి పాలు తాగినవాడే కదా.

"ఇది ఎందుకొస్తుందో నాకు తెల్సిననాడు అందరికన్న ముందు నీకే చెప్త అక్కా" అన్నాడు దాని మీద కూర్చొని.

ఆ మాట పట్టుకొని ఆమె చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. రక్తం తీస్తామంటే పట్నంలో అమ్ముకుంటారని వాడంతా తలుపులు వేసుకుంది. గోపమ్మ అరుగు మీద కూర్చొని ముందు తన చెయ్యి చాపింది. సీసాల్లో ఉచ్చ పట్టియ్యమంటే ముసలోళ్లు సిగ్గుతో చచ్చిపోయారు. "గొర్లది తొక్కుకుంట బతికినోళ్లకు ఇప్పుడు సిగ్గెందుకురా" అని ఆమె అరిచిన అరుపుకు సీసాలు నిండాయి. అంతకన్నా పెద్ద పని ఒకటి చేసింది. మామ మల్లప్ప పోయినప్పుడు, పూడ్చేముందు అతని వెన్నుపూస ముక్క ఒకటి కోసుకుంటానని అమరేందర్ అడిగాడు. కులపెద్దలు కర్రలెత్తారు. ఆమె శవానికి అడ్డంగా నిలబడి, తమ్మి చేతిని కాచింది. ఆ ముక్కతోనే అతని పేరు దేశం దాటిందని తర్వాత ఎవరో చెబితే మురిసిపోయింది కూడా.

ఊళ్లో తాగేది రెండు నీళ్లు. కురుమవాడది లోతుగా బండ పగలగొట్టి తవ్విన చేదబావి. కిందివాడ వాళ్లు వాగు ఇసుకలో గుంట తీసి, ఊరిన చెలిమ నీళ్లు ముంచుకునేవారు. ఆ ఏటి చివర్లో అమరేందర్ బలానికని తెల్లబిళ్ళలు పంచి, "ఎవరు తాగే నీళ్లు వాళ్లే తాగాలక్కా. నేను చెప్పేదాక మార్చొద్దు" అన్నాడు.

"పథ్యమా తమ్మీ?"

"గట్లనే అనుకో" అని నవ్వాడు.

ఇంకేం, బిళ్ళ మందనీ, నీళ్లు పథ్యమనీ గోపమ్మ నమ్మింది. తాను నమ్మితే సరిపోదు, వాడంతా నమ్మాలి. కురుమవాళ్లు మందు మింగుతూ పథ్యం తప్పరు, తప్పితే మందు తిరగబడుతుందని భయం. పక్కింటి బీరమ్మ ఒకసారి చెలిమ నీళ్లు తియ్యగా ఉన్నాయని పిల్లల కోసం తెచ్చుకుంటే, గోపమ్మ ఆ బిందెను వీధిలోనే కాలితో తన్ని ఒలకబోసింది. "మందు మింగుకుంట నీళ్లు మారుస్తవా? నీ పిల్లలు బాగుపడొద్దా?" అని తిట్టింది. బీరమ్మ ఏడ్చుకుంటూ చేదబావికే పోయింది. ఐలేశం కృష్ణకు పోయేటప్పుడు కూడా వీలైనన్ని రోజులకు చేదబావి నీళ్లే తోలుతిత్తిలో నింపి భుజాన వేసేది.

ఏళ్లు గడిచాయి. అమరేందర్ వస్తూనే ఉన్నాడు, కానీ రాక పలచబడింది. జీపు పోయి కారు వచ్చింది. తరవాత కారులో అతను లేడు, శిష్యులే వచ్చేవారు. సారు జర్మనీ పోయారు, సారుకు పెద్ద ల్యాబు ఇచ్చారు, సారు రాసింది సీమలో చదువుతున్నారు అని వాళ్లు చెబుతుంటే గోపమ్మ వాళ్లకు మజ్జిగ పోసేది.

ఈలోపు ఐలేశం కాళ్లు పోవడం మొదలైంది. ముందు తిమ్మిరి. తరవాత నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. వెనకవచ్చేవాళ్లు కేకేసి చెప్పాలి. ఆ పైన మోకాళ్లు బిగిశాయి, మెడ బిగిసింది. మందను అమ్మేశారు. కృష్ణ ఒడ్డు చూసొచ్చే మనిషి గడపదాకా పాకాడు, ఆపైన అదీ లేదు. ఒకసారి అమరేందర్ వస్తే ఆమె అడిగింది.

"ఇంకా తెల్వలేదా తమ్మీ?"

"దగ్గర్లకొచ్చిన అక్కా. జర ఓపిక పట్టు" అన్నాడు అతను, ఐలేశం కాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టి చూస్తూ.

అరవై అయిదులో నల్గొండలో అమరేందర్‌కు సన్మానం చేశారు. జిల్లాబిడ్డ ఇంత పేరు తెచ్చాడని పూలదండలు, శాలువాలు. గోపమ్మకూ ఐలేశానికీ కారు పంపాడు. ఐలేశాన్ని కుర్చీలో మోసుకొచ్చి వేదిక పక్కన కూర్చోబెట్టారు. గోపమ్మ నారాయణపేట చీర కట్టుకొని ముందువరసలో కూర్చుంది. కళ్లనిండా తమ్మి.

అమరేందర్ మాట్లాడాడు. వెన్నుపూసల నడుమ సందులోంచి నరాల తాడు పోతుందన్నాడు. నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలో చేరి దాన్ని లోపలికి పెంచితే ఆ దారి ఇరుకై, నరాలు నలిగి కాళ్లు పడిపోతాయన్నాడు. ఒకసారి పెరిగిన ఎముక మళ్లీ కరగదన్నాడు.

"చేదబావి నీళ్లే కారణమని మాకు రెండో ఏడే తేలింది. అయితే పదిమంది ఒప్పుకునే సాక్ష్యం కావాలి. ఒకే ఊరు, ఒకే జొన్నగటక తిండి, రెండు రకాల నీళ్లు. ఇలాంటి చోటు మాకు మరెక్కడా దొరకలేదు. ఇన్నేళ్లూ ఆ ప్రజలు నీళ్లు మార్చకుండా మాకు సహకరించారు. వారికి నా నమస్కారం."

హాలంతా చప్పట్లు. అందరితోపాటు గోపమ్మ కూడా కొట్టింది. కొడుతూ కొడుతూ ఉండగా ఆ రెండో ఏడు అన్న మాట ఆమెకు ఎక్కింది. రెండో ఏడు ఐలేశం కృష్ణకు నడిచిపోయి నడిచొచ్చాడు. చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

దండలు వేయడం అయ్యాక అతను వేదిక దిగుతుంటే ఎదురుపోయింది.

"రెండో ఏడే ఎర్కైందా తమ్మీ?"

అతను చుట్టూ చూశాడు. "ఉత్త అనుమానం చెప్తే సర్కారు ఇంటదా అక్కా? ఇప్పుడు రుజువుంది. జిల్లా మొత్తానికి మంచినీళ్లు అడుగుత. ఎన్నో ఊర్లు బాగుపడ్తయి."

"బాగుపడనీ, నేనొద్దన్ననా? గొంగడి మీద కూసోని ముందు నాకే చెప్తనంటివి గద."

"చెప్తే మీరు బాయి మారుస్తుండె."

"మారుస్తుంటిమి!"

"మారిస్తె పని ఖరాబైతుండె అక్కా."

అతను ఆ మాట నిజాయితీగానే అన్నాడు, అదే ఆమె తట్టుకోలేకపోయింది. "మా అవ్వ పాలు తాగినోనివి. ఎర్కుండి మా నోట్లె గా నీళ్లు పోస్తివి గద్రా" అంది. హాలులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఎవరో ఆమెను మర్యాదగా పక్కకు జరిపి, సారును కారు దాకా తీసుకుపోయారు.

ఊరికి రాగానే గోపమ్మ బీరమ్మ గడపలోకి పోయి జరిగిందంతా చెప్పింది. అమరేందర్‌ను తిట్టమంది, శాపనార్థాలు పెట్టమంది. బీరమ్మ చేటలో జొన్నలు చెరుగుతూనే విన్నది. ఆమె పెద్దకొడుకు మోకాళ్లు లోపలికి వంకరపోయి అరుగు మీదే కూర్చున్నాడు.

"చిన్నపటేలు ముఖం నేనెన్నడు సక్కగ సూడలే. ఆయన మాట నేనెందుకు ఇంట?" అంది బీరమ్మ. "నేనిన్నది నీ మాట, వదినె."

గోపమ్మ చూపు అరుగు మీది పిల్లవాడి మోకాళ్ల మీద పడింది. తనను మోసం చేసినవాడికి కారు ఉంది, హైదరాబాదు ఉంది. తాను ఈ వాడలోనే, ఈ ముఖాల మధ్యే బతకాలి. అంత మాటకారి, ఒక్క మాట దొరక్క ఇంటికి తిరిగొచ్చింది.

తెల్లారి వాగుకు పోయి చెలిమ నీళ్లు తెచ్చి ముంతలో ఐలేశం చేతికిచ్చింది. అతను తాగాడు. నిన్న వేదిక మీద ఏం చెప్పారో ఆ పుస్తకాల తెలుగులో అతనికి సగం అర్థం కాలేదు.

"తియ్యగున్నయే. ఇయి తాగితే కాళ్లొస్తయన్నడా తమ్ముడు?" అని అడిగాడు.

అతని మెడ తిరగదు, ఎవరైనా ఎదుటికి వస్తేనే కనబడతారు. గోపమ్మ అతని వెనక్కి జరిగి నిలబడి, "రావన్నడు" అని చెప్పింది.